అడుగుల లెక్క

మన భాషలో 'అడుగు' అను మాట రెండు పనులు చేయుచున్నది. కాలు ముందునకు సాచి వేసినది అడుగు. పండ్రెండు అంగుళముల కొలతయు అడుగే. ఏ సందర్భమున ఏ యర్థమో వినువానికి తడుముకొన నక్కఱలేదు గాని, ఆ రెండును ఒక పాదమునుండియే పుట్టినవని తలంచువారు అరుదు. జాన, మూర, బార, చేరెడు, దోసెడు - ఇవి యన్నియు మనుష్యుడు తన దేహమునే కొలబద్దగా చేసికొన్న కాలపు మాటలు. ఈ విషయమున లోకమంతయు మనవంటిదే. మైలు అను మాటనే చూడుడు. అది రోమకుల భాషలో 'వేయి' అను సంఖ్య. ఎడమకాలు నేలను విడిచి మరల నేలను తాకినచో వారికి అది ఒక లెక్క. అట్టివి వేయి యైనచో ఒక మైలు. విడివిడిగా లెక్కించినచో రెండు వేల అడుగులు. రోమకుల మైలు నేటి కొలతలో సుమారు 1,480 మీటర్లు. మన రోడ్ల మీదికి కిలోమీటర్లు వచ్చి దశాబ్దములు గడచినను, మైలురాయి మాత్రము మన నుడికారమునుండి కదలలేదు.

కావున అడుగులను లెక్కించు విద్య, అడుగులను లెక్కించు యంత్రముకన్న మిక్కిలి ప్రాచీనము. నేడు ఆ యంత్రము ప్రతివాని జేబులోని ఫోనులోను, మణికట్టు మీది గడియారములోను దాగియున్నది. రాత్రి పరుండబోవునపుడు అది 'నేడు 6,200' అని చూపును. చూచినవాడు పదివేలు నిండలేదని నిట్టూర్చి, నేరము చేసినవానివలె దీప మార్పును. కొందరు మిగిలిన అడుగులు పూర్తిచేయుటకై మంచము చుట్టు తిరుగుటయు కలదు. ఈ పదివేలను ఎవరు నిర్ణయించిరి? నేలను కొలుచుటకు పుట్టిన లెక్క మనుష్యుని ఆరోగ్యమును కొలుచుటకు ఎట్లు మళ్లినది? ఈ రెండు ప్రశ్నలకును చరిత్రలో సమాధానములు కలవు.

క్రీస్తునకు పూర్వము 326వ సంవత్సరమున అలెగ్జాండరు సింధునదిని దాటి వచ్చినప్పుడు, అతని సేన వెంట కత్తి పట్టని ఉద్యోగులు కొందరుండిరి. దారిపొడవున అడుగులు లెక్కించి, ఊరికిని ఊరికిని నడుమ గల దూరమును వ్రాసి యుంచుట వారి వృత్తి. గ్రీకులు వారిని 'బెమటిస్టు'లనిరి. అడుగులవారని మనము చెప్పుకొనవచ్చును. బైటను, డయోగ్నెటసు అను ఇరువురి పేర్లు రోమక గ్రంథకర్త ప్లినీ మూలమున మనకు దక్కినవి. వారి లెక్కలు నేటి కొలతలకు ఎంత దగ్గరగా నున్నవనగా, అవి కాలితో లెక్కించినవి కావనియు, చక్రములు గల యంత్రమేదో వాడి యుందురనియు వాదించిన పండితులు కలరు. మాకు మాత్రము ఇందు అంత ఆశ్చర్యము తోచదు. పాలమ్ము నామెకు తన చేతి చెంబు కొలత తెలిసినట్లే, నడకయే జీవనమైన వానికి తన అంగ యెంతయో తెలిసియుండును.

మన దేశమున ప్రయాణపు కొలతలు కోసులు, ఆమడలు. ఆమడ యనగా సుమారు ఎనిమిది మైళ్లు. సీమను బట్టి హెచ్చుతగ్గులు కలవు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో మద్రాసునుండి కాశికి బయలుదేరి 1831లో తిరిగివచ్చిరి. వారి 'కాశీయాత్ర చరిత్ర'లో మజిలీకిని మజిలీకిని నడుమ దూరములు ఆమడలలో కనబడును. తెలుగున యాత్రాచరిత్రకు అంతటి గ్రంథము మఱియొకటి లేదన్నను తప్పు కాదు. అయితే అయ్యగారు వెళ్లినది పల్లకిలో. ఆమడలు వారివి, అడుగులు బోయీలవి. ఆ అడుగులు ఎవరి లెక్కలోనికిని ఎక్కలేదు.

తాను వేసిన ప్రతి అడుగును తానే లెక్కించిన భారతీయుని కథ దీనికి ముప్పదియైదేండ్ల తరువాతిది. 1802లో విలియం లాంబ్టను మద్రాసు చెంత సెయింటు థామసు కొండకడ ఆధారరేఖను కొలిచి యారంభించిన మహా త్రికోణమితి సర్వే, గుత్తి, బీదరు ప్రాంతముల మీదుగా ఉత్తరమునకు సాగి, కాలక్రమమున హిమాలయములను చేరెను. అక్కడ ఆగవలసి వచ్చెను. కొండల కావల టిబెట్టు. విదేశీయులకు అందు ప్రవేశము లేదు. గొలుసులు, దూరదర్శక యంత్రములు మోసికొని పోయి కొలుచుట కలలోని మాట. పటము మీద లాసా నగరము ఎచ్చట నుండవలెనో కూడ ఆనాడు సరిగా తెలియదు. అప్పుడు సర్వేలోని కాప్టెను మాంట్‌గొమరీ ఒక యుపాయము పన్నెను. కొండజాతుల మనుష్యులకు కొలుచు విద్య నేర్పి, వర్తకులుగనో యాత్రికులుగనో పంపుట. అట్లు ఎన్నుకొనబడినవాడు నైన్ సింగ్ రావత్. కుమావూఁ కొండలలోని మిలం గ్రామమున 1830లో జన్మించి, బడిపంతులుగా నుండెను. అందుచేతనే సర్వే కాగితములలో అతడు 'పండిట్' అయ్యెను.

1863 మొదలు డెహ్రాడూనులో అతనికిని, అతని దాయాది మణి సింగ్‌కును శిక్షణ జరిగెను. నక్షత్రముల యెత్తు చూచుట, దిక్సూచి చదువుట, నీరు మరుగు వేడిని బట్టి కొండల యెత్తు గణించుట - ఇవి యొక యెత్తు. అన్నిటికన్న కఠినమైనది నడక. ఎక్కుడైనను, దిగుడైనను, చదునైనను, అంగ మారరాదు. మైలునకు సుమారు 2,000 అడుగులు పడవలెను. రోమకుల మైలునకును ఇదియే లెక్క యని మొదటనే చూచితిమి. మనుష్యుని కాలు రెండు వేల యేండ్లలో పెద్దగా మారలేదన్న మాట. ఇంక లెక్క తప్పకుండుటకై జపమాల. బౌద్ధుల మాలలో పూసలు 108. నైన్ సింగ్ మాలలో 100. నూఱడుగు లైనంతనే ఒక పూస జారును. మాల యొక చుట్టు తిరిగినచో పదివేల అడుగులు, అనగా సుమారు ఐదు మైళ్లు. ఈ పదివేల సంఖ్యను పాఠకులు జ్ఞాపక ముంచుకొందురు గాక. నూఱేండ్ల తరువాత ఇది వేఱొక దేశమున మరల కనబడును.

వ్రాసికొనుట యెట్లు? చేతిలోని ప్రార్థనాచక్రములో మంత్రములు వ్రాసిన చుట్టకు బదులు తెల్లకాగితము. దూరములు, దిక్కులు అందు నెక్కును. థర్మామీటరు చేతికఱ్ఱలో, పాదరసము గవ్వలలో, నక్షత్రములను చూచు సెక్స్టంటు పెట్టె అడుగున కనబడని అరలో దాగెను. దారిలో ఎవరైన పలుకరింపవచ్చినచో అతడు చక్రము త్రిప్పుట మొదలిడువాడు. జపము చేయుచున్న వానిని కదలించుట వారి ఆచారము కాదు. లెక్క నిలిచెడిది, ప్రాణము నిలిచెడిది.

1865లో కాఠ్మండు మీదుగా టిబెట్టును చొచ్చి, 1866 జనవరిలో లాసా చేరి, ఆ యేడే తిరిగివచ్చెను. అతడు కొలిచిన బాట సుమారు 1,200 మైళ్లు. మైలునకు రెండు వేల చొప్పున ఇరువది నాలుగు లక్షల అడుగులు. జారిన పూసలు ఇరువది నాలుగు వేలు. మాల తిరిగిన చుట్లు రెండువందల నలువది. అతడు నిర్ణయించిన లాసా అక్షాంశము నేటి విలువకు మిక్కిలి చేరువ. లండనులోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ 1868లో అతనికి బంగారు గడియారమును, 1877లో స్వర్ణపతకమును ఇచ్చినది. మన తపాలా శాఖ 2004లో అతని బొమ్మతో బిళ్ల వెలువరించెను. మనదేశపు పాఠ్యపుస్తకములలో ఎవరెస్టు దొరగారికి దక్కిన చోటులో పదవ వంతైన ఇతనికి దక్కవలసి యున్నదని మా యభిప్రాయము.

ఇతని మార్గముననే తరువాత వచ్చిన కిషన్ సింగ్, 1878 మొదలు 1882 వరకు టిబెట్టులోను మంగోలియా దిక్కునను సంచరించెను. ఒక తావున దొంగల భయముచే తోడివారు నడువనీయక అతనిని గుఱ్ఱమెక్కించిరి. అతడు గుఱ్ఱపు ముందటి కుడికాలు నేలను తాకుటను లెక్కించుచు పోయెను. ఇది కట్టుకథ యనిపించును గాని సర్వే చరిత్రలో చేరిన సంగతియే.

ఇక యంత్రము మాట. నైన్ సింగ్ పూసలు త్రిప్పునాటికే ఐరోపాలో అడుగుల యంత్రము పుట్టి చాల కాలమైనది. లియొనార్డో డావించి చిత్తు పుస్తకములలో అట్టిదాని చిత్ర మొకటి కలదు. స్విట్జర్లాండు గడియారపు పనివాడు అబ్రహాం లూయీ పెరెలే 1770 ప్రాంతముల దానంతట అదియే కీ తిరుగు గడియారమును తలపెట్టి, 1780లో అదే కిటుకుతో అడుగులను లెక్కించు యంత్రమును చేసెను. ఆ కిటుకు సులభమైనది. చిన్న బరువొకటి సన్నని స్ప్రింగు మీద వ్రేలాడుచుండును. అడుగు పడినపుడు దేహము కుదుపునకు ఆ బరువు దిగి, పండ్లచక్రమును ఒక పన్ను ముందునకు త్రోయును. చక్రము వెనుకకు తిరుగకుండ ఒక నాలుక అడ్డుకొనును. మిగిలినదంతయు గడియారములోని ముల్లు పనియే.

ఈ యంత్రమును తొలుత ఇష్టపడినవారు భూమిని కొలుచువారు. పిదప దానితో తమ్ము తామే కొలుచుకొనిన వారిలో థామస్ జెఫర్సను ప్రసిద్ధుడు. అమెరికా రాయబారిగా పారిసులో నున్న దినములలో ఆయన వేసవిలో మెల్లగా నడచినపుడు మైలునకు 2,066 అడుగులును, చలికాలమున చుఱుకుగా నడచినపుడు 1,735 అడుగులును పడినవని వ్రాసికొనెను. 1788లో మిత్రుడు మాడిసనుకు ఒక యంత్రమును పంపుచు, జేబు అడుగున చిన్న రంధ్రము చేసి, నాడాను అందుండి లాగుల నడుమగా మోకాలివఱకు దింపి తగిలింపవలెనని వివరముగా తెలిపెను. కాబోయే అధ్యక్షు లిరువురు ఇట్లు నాడాల గూర్చి ఉత్తరము లాడుకొనుట ముచ్చటగా నున్నది. అంతకు మూడేండ్ల ముందు మేనల్లునికి వ్రాసిన లేఖలో, దినమునకు రెండు గంటలు వ్యాయామమునకు వినియోగింపుమనియు, అన్నిటిలో నడక మేలనియు ఆయన బోధించెను. గుఱ్ఱమును మచ్చిక చేసికొని మనుష్యుడు లాభపడినదాని కంటె తన దేహబలమును కోలుపోయినదే యెక్కువ యేమో యని సందేహించెను. మోటారు బండి లేని కాలమున పలికిన మాట యిది.

జెఫర్సను సందేహము నూటయరువది యేండ్లు పైగా సందేహముగనే యుండెను. పనిచేయు దేహమునకును రోగమునకును గల సంబంధమును లెక్కలతో చూపినవారిలో మొదటి పేరు జెర్మీ మారిసుది. లండనులో రెండంతస్తుల బస్సులు. హైదరాబాదు వారికి అట్టి బస్సు క్రొత్త కాదు. డ్రైవరు దినమంతయు కూర్చుండును. కండక్టరు టిక్కెట్లకై మేడమెట్లు ఎక్కుచు దిగుచు నుండును. పనిలో నున్నంతసేపు వందల మెట్లు. ఇరువురి జీతము, ఊరు, తిండి ఇంచుమించు ఒక్కటే. సుమారు 31,000 మంది రవాణా ఉద్యోగులను పరిశీలించి, మారిసు ఆయన సహచరులును 1953లో 'లాన్సెట్' పత్రికలో ప్రకటించిన ఫలితము లోకమును మేల్కొలిపినది: గుండెజబ్బు డ్రైవర్లకన్న కండక్టర్లకు తక్కువ; వచ్చినను అంత తీవ్రముగా రాదు. అయితే, లావుపాటివారే డ్రైవరు పనికి చేరుదురేమో యని ఆక్షేపణ వచ్చెను. మారిసు దాని నుపేక్షింపక, సంస్థవారు ఉద్యోగులకు కుట్టించిన లాగుల నడుము కొలతలు తెప్పించి చూచెను. డ్రైవర్ల నడుములు మొదటినుండియే కొంత పెద్దవిగా నుండెను. ఆ సంగతిని 1956లో ఆయనయే ప్రకటించెను. తన వాదమునకు అడ్డువచ్చు లెక్కను దాచనివాని మాటకు విలువ హెచ్చు. ఆ తరువాతి దశాబ్దములలో ఆయన తొలి నిర్ణయమే వేఱు వేఱు దారుల స్థిరపడినది.

ఇప్పుడు పదివేల కథ. 1964లో టోక్యోలో ఒలింపిక్ క్రీడలు జరిగెను. యుద్ధమునుండి తేరుకొని జపాను సంపన్న మగుచున్న కాలమది. కార్యాలయములలో కూర్చుండు పనులు హెచ్చెను. క్రీడలు చూచినవారికి దేహము మీద దృష్టి మళ్లెను. మఱుసటి యేట, 1965లో, యమసా యను గడియారముల కంపెనీ నడుమునకు తగిలించుకొను చిన్న యంత్రమును అంగడికి తెచ్చెను. దాని పేరు 'మాన్పో కేయి'. జపాను భాషలో మాన్ అనగా పదివేలు, పో అనగా అడుగు, కేయి అనగా కొలుచునది. పదివేల యడుగుల కొలమాని. పదివేలను తెలుపు వారి అక్షరము నడచు మనుష్యుని బొమ్మవలె నుండునని కొందరు చమత్కరింతురు. అది పలుకుటకు ఇంపైన సంఖ్య, గుర్తుంచుకొనుటకు సులభమైన సంఖ్య. ఇంతమంది ఇన్ని అడుగులు నడచి ఇన్నేండ్లు బ్రతికిరను పరిశోధన ఏదియు దాని వెనుక ఆనాడు లేదు. ఆచార్య యోషిరో హటానో అనంతరము లెక్కించి, నడివయస్సు జపాను పురుషునకు పదివేల అడుగులు సుమారు 300 కెలోరీల ఖర్చు అని చూపెను. నడక సంఘములు ఆ సంఖ్యను ఎత్తుకొనెను. అక్కడినుండి అది దేశములు దాటి, తుదకు మన ఫోనులో చేరి, మనలను మందలించుచున్నది.

నైన్ సింగ్ మాలలోని పదివేలకును టోక్యో యంత్రములోని పదివేలకును సంబంధము లేదు. అది వంద పూసలను వంద అడుగులతో హెచ్చించగా వచ్చిన ఫలము. ఇది సరుకునకు పెట్టిన పేరు. రెండును గుండ్రని సంఖ్యలగుటయే పోలిక.

సంఖ్య అంగడిలో పుట్టినంత మాత్రమున లెక్క వ్యర్థమని తీర్మానింపరాదు. దీనిని వైద్యశాస్త్రము తరువాత పరీక్షించినది. 2007లో అమెరికా వైద్యసంఘపు పత్రికలో వెలువడిన సమీక్ష యొకటి 26 పరిశోధనలను, వానిలోని 2,767 మందిని పరిశీలించెను. యంత్రము ధరించినవారు ధరింపనివారికన్న దినమునకు సుమారు 2,500 అడుగులు అధికముగా నడచిరి. వారి రక్తపు పోటు కొంత తగ్గెను. ఇందు మాకు ముఖ్యముగా తోచిన సంగతి వేఱొకటి కలదు: ఇన్ని అడుగులు నడువవలెనను గుఱి పెట్టుకొన్నవారే వృద్ధి చెందిరి, యంత్రమును ఊరక తగిలించుకొన్నవారిలో చెప్పుకొనదగిన మార్పు లేదు. గుఱి పదివేలైనను, మఱియొకటైనను, గుఱి ఉండుటయే పనిచేసినది.

మఱి ఎన్ని యడుగులు చాలును? 2019లో ప్రకటితమైన ఒక పరిశోధనలో సగటున 72 ఏండ్ల వయస్సు గల 16,741 మంది స్త్రీలు ఏడు దినములు యంత్రము ధరించిరి. అటుపిమ్మట నాలుగేండ్లకు పైగా వారి బాగోగులు చూచిరి. దినమునకు 2,700 అడుగుల చొప్పున నడచిన వారికన్న 4,400 అడుగులు నడచినవారిలో మరణములు నూటికి నలువది యొక వంతు తక్కువ. అడుగులు పెరిగినకొలది ఈ మేలు పెరిగి, సుమారు 7,500 కడ నిలిచిపోయెను. 2022లో పదునైదు పరిశోధనలను, 47,000 పైచిలుకు మందిని కలిపి చూచిన వారు, అరువదేండ్లు దాటినవారికి 6,000 మొదలు 8,000 వరకును, చిన్నవారికి 8,000 మొదలు 10,000 వరకును మేలు పెరుగునని తేల్చిరి. 2025లో వెలువడిన మఱియొక పెద్ద సమీక్ష 7,000 అడుగులను ప్రస్తావించెను. జబ్బుపడినవారు సహజముగనే తక్కువ నడతురు గనుక, ఈ లెక్కలలో నడక వలన కలిగిన మేలెంత, మేలుగా నున్నందున కలిగిన నడక యెంత యని విడదీయుట సులభము కాదు. పరిశోధకులు దానికి తగు జాగ్రత్తలు తీసికొనిరి గాని, ఆ చిక్కు పూర్తిగా పోలేదు.

ఏది యెట్లున్నను ఒక మాట నిస్సంశయముగా చెప్పవచ్చును. 2,700 నుండి 4,400కు ఎక్కిన ముసలమ్మకు కలిగిన లాభము పెద్దది. 8,000 నుండి 10,000కు ఎక్కిన యువకునికి కలుగునది చిన్నది. ఫోను మాత్రము మొదటి యామెను ఓడిపోయినదానిగను, రెండవవానిని గెలిచినవానిగను చూపును. మా కోపమంతయు ఇక్కడనే. పదివేలు చేయలేనని మొత్తము నడకనే మానుకొన్న పెద్దలు మన వీధులలో లేకపోలేదు. మనదేశమున 2023లో ప్రకటితమైన వైద్య పరిశోధనా మండలి అధ్యయనము మధుమేహ రోగులు పది కోట్ల పైమాట యనియు, దాని గుమ్మమున నిలిచినవారు పదమూడు కోట్లకు మించుదురనియు చెప్పినది. ఇంతమందిలో నడువగలిగిన వారిని ఒక గుండ్రని సంఖ్య బెదరగొట్టి కూర్చుండబెట్టుట తగునా?

వేఱొక కొసను చూచినచో, కెనడాలోని ఒంటారియో రాష్ట్రమున ఆమిష్ అను క్రైస్తవ శాఖకు చెందిన రైతులు కలరు. మోటారు బండ్లు వాడరు, గుఱ్ఱములతో దున్నుదురు. 2004లో ప్రకటితమైన పరిశోధనలో వారు 98 మందికి యంత్రము కట్టిరి. పురుషులు సగటున దినమునకు 18,425 అడుగులు, స్త్రీలు 14,196 అడుగులు. వారిలో స్థూలకాయులు బహు కొద్దిమంది. వారెవరును వ్యాయామమని నడువలేదు. పని యని నడచిరి. మన వరిచేలలో నాట్లు వేయు స్త్రీకి, బిందెతో నీటికై దూరము పోవు ఇల్లాలికి ఈ యంత్రముతో పని లేదు. దీనితో పని కలవారు కుర్చీలలో దినము గడపు మనవంటివారే.

లెక్క పెట్టి నడచుట మన తెలుగువారికి వింత కాదు. హైదరాబాదు చెంత చిలుకూరు బాలాజీ కోవెలలో మ్రొక్కు చెల్లించువారు నూటయెనిమిది ప్రదక్షిణములు చేయుదురు. లెక్క తప్పకుండ అంకెలు అచ్చు వేసిన అట్టముక్కను చేతబట్టి, చుట్టు చుట్టునకు ఒక అంకెను కొట్టివేయుదురు. అట్ట లేనిచో నూటయెనిమిది యన్న సంఖ్యకు జడిసి నలువదికే ఆగువారు ఎందరో! చేతిలో అట్ట యున్నపుడు మిగిలినవి యెన్నో కనబడును, కాలు కదలును. భక్తి వేఱు, ఆరోగ్యము వేఱు. అయినను లెక్క మనస్సుపై చేయు పని రెండింటను ఒక్కటే.

యంత్రము కొనదలచినవారికి, లేదా ఫోనులోని దానిని నమ్మదలచినవారికి రెండు మూడు మాటలు. నేటి యంత్రములో వ్రేలాడు బరువునకు బదులు బియ్యపుగింజ పాటి సిలికాను ముక్కలో కంటికి కనబడని నాలుకలు కదలుచుండును. ఆ కదలికలోని లయను బట్టి అది అడుగో కాదో నిర్ణయించును. కావున గతుకుల దారిలో ఆటో ప్రయాణమును అది ఒకప్పుడు నడక యని పొరబడును. మెల్లగా కాలీడ్చి నడచు వృద్ధుల అడుగులను విడిచిపెట్టును. చేతికఱ్ఱ పట్టిన చేతికే గడియారము కట్టినచో లెక్క మఱింత తగ్గును. నమ్మకమెంతయో తెలియుటకు నైన్ సింగ్ పద్ధతియే మేలు: నోటితో వంద లెక్కించుచు వంద అడుగులు వేసి, యంత్రమేమి చూపినదో సరిచూచుకొనుట. తొంబదియైదు మొదలు నూటయైదు లోపల నున్నచో అది పనికివచ్చును.

మొదటి వారము నడకను పెంచకుండ, దినదినము ఎంత నడచుచున్నారో వ్రాసికొనుట మంచిది. ఆ సగటునకు వేయి చేర్చినచో అదియే మొదటి గుఱి. అది అలవడిన పిమ్మట మఱియొక వేయి. గుండెజబ్బు, మోకాళ్ల నొప్పి, మధుమేహము వలన పాదములకు స్పర్శ తగ్గుట గలవారు వైద్యుని అడిగి మొదలిడవలెను.

యంత్రము లేనివారు విచారింప నక్కఱలేదు. ఆరోగ్యవంతుడైన పెద్దవాడు చుఱుకుగా నడచినచో నిముషమునకు సుమారు నూఱడుగులు పడును. పది నిముషములకు వేయి. రేడియోలో పది నిముషముల ప్రసంగము సాగునంతసేపు వసారాలో పచార్లు చేసినచో, గోడగడియారమును చూడకయే ఆ వేయి పూర్తియగును. వానకాలమునందును వసారా తడియదు గదా.